అడగకుండ ఏసిన సూది.. అడిగి ఏయించుకున్న సూది

"అమ్మా, నేను హెచ్‌పీవీ టీకా ఏయించుకుందామనుకుంటున్న" అని ఒకనాడు పొద్దుగాల చెప్పిన. బోళ్లు తోముతున్న మా అమ్మ చెయ్యి ఆగింది. "ఏ టీకానే? అప్పుడు బడిపిల్లలకు ఏస్తే సచ్చిపోయిండ్రు సూడు, ఆ సూదా? నువ్వు ఏమన్న జేస్కో గని దాని జోలికి మాత్రం పోకు" అన్నది.

మాది కొత్తగూడెం దిక్కు ఒక ఊరు. నాకు 22 ఏండ్లు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుకుంట పిల్లలకు ట్యూషన్ చెప్తున్న. మా అమ్మ భయం వాట్సాప్ చూసి పుట్టింది గాదు. మా దిక్కు నిజంగ జరిగిన ముచ్చటతోని పుట్టింది. అందుకే "నీకేం తెల్వదు, ఊకో" అని ఆమె నోరు మూపియ్యబుద్ధి గాలే. అట్లని నాకు నేను ఊకుండబుద్ధి కూడ గాలే. ఎందుకంటే రెండేండ్ల కింద మా చిన్నమ్మ గర్భసంచి మూతి క్యాన్సర్‌తోని పోయింది. ఆమెకు 41 ఏండ్లు.

ఒకదిక్కు చిన్నమ్మ, ఇంకోదిక్కు ఆ పిల్లలు. నడుమ నేను. రెండు నెలలు దొరికినోళ్లనల్ల అడిగిన, దొరికిందల్ల చదివిన. ఏం తెల్సుకున్ననో, ఎట్ల తేల్చుకున్ననో నా అసొంటి అక్కచెల్లెండ్లకు చెప్దామని రాస్తున్న.

అప్పుడు మా దిక్కు ఏం జరిగింది

2009 జులైల అప్పటి ఖమ్మం జిల్లాల భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలల్ల 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు ఈ టీకా ఏసుడు షురూ జేసిండ్రు. దగ్గరదగ్గర 14 వేల మందికి ఏసిండ్రు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్, ఉమ్మడి రాష్ట్ర సర్కారు కలిసి నడిపిన ప్రాజెక్టు అది. గుజరాత్‌ల వడోదర దిక్కు ఇంకో 10 వేల మందికి ఏసిండ్రు. పిల్లలల్ల చానామంది గిరిజన, పేద ఇండ్లోళ్లు, హాస్టళ్లల్ల ఉండి చదువుకునేటోళ్లు.

కొన్ని నెలలకు పిల్లలు చనిపోయిండ్రన్న వార్తలు వచ్చినయి. మన దిక్కు 5గురు, గుజరాత్‌ల ఇద్దరు, మొత్తం ఏడుగురు. మహిళా సంఘాలు గట్టిగ కొట్లాడినయి. 2010 ఏప్రిల్‌ల కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

మరి టీకాతోనే చనిపోయిండ్రా? విచారణల తేలిందేందంటే, ఒక పిల్ల క్వారీ నీళ్లల్ల మునిగింది. ఒకామెను పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగిండ్రు. ఒకామెకు మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరు ఎందుకు పోయిండ్రో అంత సాఫుగ తేలలే గని, టీకాతోని సంబంధమున్నట్టు మాత్రం కనపడలే.

ఇది చదివి "మరింకేంది, అంత ఉత్త పుకారే" అనుకోకుండ్రి. అసలు తప్పు వేరే కాడ ఉన్నది. 2013 ఆగస్టుల పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ రిపోర్టుల ఆ సంస్థను, ఐసీఎంఆర్‌ను తూర్పారబట్టింది. మన రాష్ట్రంల చూసిన 9,543 ఒప్పుకోలు కాగితాలల్ల 2,763 కాగితాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టిండ్రని, 1,948 కాగితాల మీద వేలిముద్రలే ఉన్నయని లెక్క తీసింది. చానామంది కన్నోళ్లను అడిగింది లేదు. టీకా తర్వాత పిల్లలకు ఏమన్న అయితే చూసుకునే ఏర్పాటు కూడ సక్కగ లేదని తప్పుపట్టింది.

మా పెద్దమ్మ బిడ్డ అప్పుడు ఏడో తరగతి. ఆమెకు కూడ ఏసిండ్రు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, మంచిగున్నది. "అక్కా, అది ఎందుకేసిండ్రో ఎరికేనా?" అని అడిగిన. "చెయ్యి నొచ్చిందని యాదికున్నదే. ఎందుకనేది నాకు యాదికి లేదు, నేనూ అడగలే" అన్నది.

మా అమ్మకు నేను చెప్పింది ఇదే. "అమ్మా, నువ్వు కోపం జేసుడు తప్పు గాదు. గని ఆ కోపం సూది మీద గాదు, అడగకుండ ఏసిన పద్ధతి మీద ఉండాలె. ఇప్పుడు నన్ను ఎవ్వలూ వరుసల నిలవెడ్తలేరు. నేనే పోయి అడుగుత. జవాబు నచ్చకపోతే ఎల్లొస్త."

రోగం సంగతి ఏంది

హెచ్‌పీవీ అంటే ఒక వైరస్. ఇండ్ల 200కు పైన రకాలున్నయి. చేతుల మీద లేసే పులిపిర్లు కూడ ఇండ్ల కొన్ని రకాలతోనే వస్తయి. చానా రకాలు పెద్దగ హాని జెయ్యవు. ఒక 14 రకాల దాక మాత్రం క్యాన్సర్ దాక తీస్కపోతయి. అండ్ల 16, 18 నంబర్ల రకాలు మరీ చెడ్డయి. ప్రపంచంల వచ్చే గర్భసంచి మూతి క్యాన్సర్లల్ల 100కు 70 ఈ రెండింటితోనే. ఈ రెండు రకాలను క్యాన్సర్ గడ్డలల్ల 1983, 84ల పట్టుకున్న జర్మనీ డాక్టర్ హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008ల నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది శారీరక సంబంధంతోని, ఒంటికి ఒళ్లు తగిలి అంటుతది. అంటంగనే "చెడు తిరుగుళ్లు తిరిగినోళ్లకు వస్తది" అనుకుంటరు. అది అబద్ధం. జిందగీల ఎప్పుడన్న ఒకపారి ఇది అంటనోళ్లు ఆడల్లనైనా మొగల్లనైనా తక్కువ. మొగోనితోని తప్ప ఇంకో మనిషిని ఎరగని ఆడామెకు కూడ ఆ మొగని నుంచే రావచ్చు. 10 మందిల 9 మందికి రెండేండ్లల్ల ఒంట్ల శక్తే దాన్ని ఎల్లగొడ్తది. జ్వరం రాదు, నొప్పి రాదు, వచ్చినట్టే తెల్వది. మిగిలిన కొందరిల అది పోకుండ మూతికాడ ఏండ్లకేండ్లు కూసుంటది. మెల్లమెల్లగ అక్కడి కణాలను చెడగొట్టుకుంట 15, 20 ఏండ్లకు క్యాన్సర్ అయితది.

మా చిన్నమ్మకు 18 ఏండ్లకు పెండ్లయింది. 40 ఏండ్లకు రోగం బయటపడ్డది. లెక్క సరిపోతున్నది గదా. నడుమ 20 ఏండ్లు టైముండె. పరీక్ష ఒక్కటి జేసినా దొరుకుతుండె. నెలసరి గాని రోజులల్ల కూడ నెత్తురు పోతుంటే "ముట్టాగే వయసు, ఇట్లనే ఉంటది" అనుకుంట ఏడాది దాచిపెట్టింది. నడుము నొప్పికి గోలీలు మింగింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు తీస్కపోయేసరికి చానా దూరం పాకింది. ఆరోగ్యశ్రీ మీద కరెంటు పెట్టిండ్రు, డాక్టర్లు చెయ్యగలిగింది జేసిండ్రు. దొరకలే.

2022 లెక్కల ప్రకారం మనదేశంల ఒక్క ఏడాదిల దగ్గరదగ్గర 1,27,000 మంది ఆడోళ్లకు ఈ రోగం వచ్చింది, 80,000 మంది చనిపోయిండ్రు. అంటే గంటకు 9 మంది. ఆడోళ్ల క్యాన్సర్లల్ల రొమ్ము క్యాన్సర్ తర్వాత ఇదే.

టీకా ఏం జేస్తది, ఏం జెయ్యది

టీకాల బతికున్న వైరస్ ఉండది, చంపిన వైరస్ కూడ ఉండది. వైరస్ పైన ఉండే పొట్టు అసొంటి ప్రోటీన్‌ను వేరేగ తయారుజేసి పెడ్తరు. లోపల గింజ లేని వడ్ల పొట్టు అనుకోండ్రి, అది మొలవది. టీకాతోని రోగం అంటుడనేది ఉండది. గని ఒళ్లు ఆ పొట్టును గుర్తువట్టి, రేపు అసలుది వస్తే తన్ని ఎల్లగొట్టేటందుకు తయారుగ ఉంటది.

జెయ్యని పని కూడ చెప్పాలె. అప్పటికే ఒంట్ల ఉన్న వైరస్‌ను ఇది తియ్యది. వచ్చిన క్యాన్సర్‌ను నయం జెయ్యది. అన్ని రకాలను ఆపది. మనదేశంల సీరం సంస్థ తయారుజేసి 2023 నుంచి అమ్ముతున్న సెర్వవాక్ 6, 11, 16, 18 నాలుగు రకాలను ఆపుతది. గార్డాసిల్ 9 తొమ్మిది రకాలను ఆపుతది. అందుకే ఏ టీకా ఏసుకున్నా తర్వాత పరీక్షలు మానొద్దు.

22 ఏండ్లకు ఏసుకుంటే లాభమున్నదా

నాకు అన్నిటికన్న పెద్ద డౌటు ఇదే. ఎందుకంటే ఎక్కడ చదివినా 9 నుంచి 14 ఏండ్ల నడుమ ఏసుకోవాలనే రాసి ఉన్నది. ఆ వయసు నాకు దాటి ఎనిమిదేండ్లాయె.

జవాబు స్వీడన్‌ల దొరికింది. అక్కడ 16 లక్షలకు పైన ఆడపిల్లలను, ఆడోళ్లను ఏండ్లకేండ్లు చూసి 2020ల లెక్క చెప్పిండ్రు. 17 ఏండ్ల లోపల టీకా ఏసుకున్నోళ్లల్ల, ఏసుకోనోళ్లతోని పోలిస్తే గర్భసంచి మూతి క్యాన్సర్ 88 శాతం తగ్గింది. 17 నుంచి 30 ఏండ్ల నడుమ ఏసుకున్నోళ్లల్ల 53 శాతం తగ్గింది. స్కాట్లాండ్‌ల అయితే 12, 13 ఏండ్లకు టీకా పూర్తిగ ఏసుకున్న ఆడపిల్లలల్ల ఒక్కరికి కూడ ఈ క్యాన్సర్ కనపడలేదని 2024ల చెప్పిండ్రు.

అంటే నాకు 88 దొరకదు, 53 దొరకొచ్చు. పెద్ద వయసుకు ఎందుకు తగ్గుతదంటే, అప్పటికే కొందరికి వైరస్ అంటి ఉంటది. ఇప్పటిదాక శారీరక సంబంధం లేనోళ్లకు 22 ఏండ్లకైనా మంచిగనే పనిచేస్తది. పెండ్లయినోళ్లకు కూడ దండగ గాదు. ఒక రకం అంటి ఉన్నా మిగిలిన రకాల నుంచి కాపాడుతది. టీకాకు ముందుగాల వైరస్ ఉన్నదా లేదా అని పరీక్ష అక్కరలేదు. 26 ఏండ్లు దాటినోళ్లు డాక్టర్‌తోని మాట్లాడి తేల్చుకోవాలె, వాళ్లకు లాభం ఇంకా తగ్గుతది.

నాకైతే సగం ఆపదన్న తప్పుతది అంటే సగం తక్కువేం గాదనిపించింది.

సిగ్గు తెచ్చే ప్రశ్నలు

నేను మొదాలు పోయిన ప్రైవేటు దవాఖానల కౌంటర్ కాడ ఉన్నామె పదిమందిల "పెండ్లయిందా? కాలేదా? మరి నీకెందుకమ్మా గీ టీకా?" అన్నది. సిగ్గుతోని చచ్చినంత పనైంది. వాపస్ వచ్చిన. మల్ల పదిరోజులకు ఇంకో కాడికి పోయిన. అక్కడి లేడీ డాక్టర్ కూసోవెట్టి అన్ని చెప్పింది. నేను అడిగినయి, ఆమె చెప్పినయి మీకు రాస్తున్న.

పెండ్లిగాని పిల్ల ఏసుకుంటే తప్పర్థం ఏమన్న ఉన్నదా? ఉల్టా, పెండ్లికి ముందు ఏసుకుంటెనే లాభం ఎక్కువ. ధనుర్వాతం టీకా ఏసుకున్నోళ్లు మొల గుచ్చుకోవాలని ఏసుకుంటరా?

పిల్లలు పుట్టరా? ఈ టీకాతోని పిల్లలు పుట్టకపోవుడు లేదు. ఉల్టా క్యాన్సర్ ముదిరితే గర్భసంచి తీసెయ్యాల్సి రావచ్చు.

కడుపుతోని ఉంటే? అప్పుడు ఏసుకోవద్దు, కాన్పు అయ్యేదాక ఆగాలె. తెల్వక ఒక డోసు ఏసుకుంటే భయపడేది లేదు, మిగిలినయి ఆపి తర్వాత ఏసుకోవచ్చు. పాలిచ్చే తల్లులు ఏసుకోవచ్చు.

ఏసుకున్నంక ఏమైతది? చెయ్యి నొస్తది, కొంచెం వాస్తది, కొందరికి జ్వరం, తలనొప్పి ఉంటది. వయసు పిల్లలకు సూది చూస్తెనే కండ్లు తిరిగి పడుడు ఉంటది కాబట్టి 15 నిమిషాలు అక్కడనే కూసోవాలె. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంత దద్దుర్లొచ్చి, ఊపిరాడక అయితే ముందుగాలనే డాక్టర్‌కు చెప్పాలె.

నాకైతే రెండు రోజులు చెయ్యి పైకి లేపంగ నొచ్చింది. గంతే.

ఎన్ని సూదులు, ఎన్ని పైసలు

మన దగ్గర లైసెన్సు ప్రకారం 9 నుంచి 14 ఏండ్ల పిల్లలకు రెండు డోసులు, ఆరు నెలల తేడాతోని. 15 ఏండ్లు దాటినోళ్లకు మూడు డోసులు. ఇయ్యాల ఒకటి, రెండు నెలలకు ఒకటి, మొదటిదానికి ఆరు నెలలకు ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2022ల 9 నుంచి 20 ఏండ్లోళ్లకు ఒక్క డోసు ఏసినా సరిపోతదని, 21 దాటినోళ్లకు రెండు చాలని చెప్పింది.

ఈ ఒక్క డోసు ముచ్చట ఎట్ల తెల్సిందో చూడుండ్రి. 2009ల మనదేశంలనే రెండు డోసులు మేలా, మూడు మేలా అని వేరే పరిశోధన ఒకటి నడుస్తుండె. ఖమ్మం గొడవతోని 2010ల దాన్ని కూడ ఆపిండ్రు. దాంతోని దగ్గరదగ్గర 5,000 మంది పిల్లలకు ఒక్క డోసే పడ్డది. డాక్టర్లు ఆ పిల్లలను పదేండ్లు వదలకుండ చూసిండ్రు. ఒక్క డోసు పడ్డోళ్లకు కూడ 16, 18 రకాల వైరస్ ఒంట్ల పాతుకపోకుండ మూడు డోసులోళ్లతోని సమానంగ రక్షణ దొరికిందని తేలింది. ఇయ్యాల ప్రపంచమంత ఒక్క డోసు గురించి మాట్లాడుతున్నదంటే, అండ్ల ఆ పిల్లల పాలు కూడ ఉన్నది. ఇది చెప్తే మా అమ్మ జరసేపు ఏం మాట్లాడలే.

నాకు డాక్టర్ మూడు డోసులే చెప్పింది. మన దగ్గర నా వయసుకు లైసెన్సు అట్లనే ఉన్నదన్నది. సెర్వవాక్ ఒక్క డోసుకు దగ్గరదగ్గర రెండు వేలు అయింది. గార్డాసిల్ 9 అయితే ఒక్కదానికే పది వేల దాక చెప్పిండ్రు, అది నాతోని గాదు. మూడు కలిపితే ఆరు వేలు. మిరపకాయలు ఏరబోయే మా అమ్మకు అవి ఎన్ని దినాల కూలో నాకు ఎరికే. అందుకే ట్యూషన్ పైసలు జమజేసి ఒక్కో డోసు ఏయించుకున్న. మూడు పైసలు ఒక్కపారి కట్టాల్సిన పని లేదు, ఇది చానామందికి తెల్వదు.

ఇంట్ల తొమ్మిదేండ్లు దాటిన చెల్లెండ్లుంటే ఫస్టు వాళ్ల సంగతి చూడుండ్రి. సర్కారు టీకా ఎక్కడ ఇచ్చినా ముందుగాల ఆ వయసు పిల్లలకే. సిక్కింల 2018ల బడులల్ల ఆ వయసు ఆడపిల్లలకు ఏసిండ్రు. మీ దిక్కు ఏ వయసోళ్లకు పుక్యానికి ఏస్తున్నరో ఆశ అక్కను, ఏఎన్ఎంను అడుగుండ్రి. పైసలు పెట్టే ముందు ఆ ముచ్చట తెల్సుకునుడు మంచిది.

మా అన్నదమ్ములు కూడ ఇది చదువుతున్నరు కదా, మీకు కూడ ఒక మాట. ఈ వైరస్ మొగోళ్లకు కూడ అంటుతది, గొంతు క్యాన్సర్ అసొంటియి తెస్తది. సెర్వవాక్ మొగపిల్లలకు కూడ ఏస్తరు. పైసలు ఒక్కరికే సరిపోతే మాత్రం చెల్లెకు ఏయించుండ్రి.

అమ్మలకు టీకా గాదు, పరీక్ష

టీకా నాకు. మరి మా అమ్మకు? ఆమెకు 45 ఏండ్లు. ఆమెకు కావాల్సింది పరీక్ష. 30 ఏండ్లు దాటిన ఆడోళ్లకు అయిదేండ్లకొకపారి సర్కారు దవాఖానలల్ల ఈ పరీక్ష జెయ్యాలె. గర్భసంచి మూతికి సిర్కా అసొంటి పల్చటి మందు అద్ది చూస్తరు. చెడిన కాడ తెల్లగ కనపడ్తది. కోసుడు లేదు, మత్తు లేదు, కొన్ని నిమిషాల పని. ఆ తెల్ల మచ్చ క్యాన్సర్ కాకముందే దాన్ని కాల్చి గని, గడ్డకట్టించి గని తీసెయ్యొచ్చు. హెచ్‌పీవీ పరీక్ష ఇంకా పక్కాగ చెప్తది.

సంబంధం తర్వాత నెత్తురు పడ్డా, నెలసరి నడుమల పడ్డా, ముట్టాగినంక మల్ల పడ్డా, వాసనతోని తెల్లబట్ట అయినా దాచిపెట్టుకోవద్దు. ఇంకో మాట. తెల్లబట్ట అయితుందంటే చాలు "క్యాన్సర్ అయితది, గర్భసంచి తీసేద్దం" అని భయపెట్టేటోళ్లు మన దిక్కు తక్కువలేరు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు "పరీక్ష జేసిండ్రా? రిపోర్టేది?" అని అడుగుండ్రి. ఇంకో డాక్టర్‌కు చూపియ్యుండ్రి.

ఇగ నా సంగతి. రెండు డోసులు అయినయి, మూడోది వచ్చే నెల. నేను ఏసుకున్నా అని మీరు ఏసుకోవాల్సిన పని లేదు. ఎవ్వలో చెప్పిండ్రని మానాల్సిన పని కూడ లేదు. డాక్టర్ ముందట కూసొని ఇవి అడుగుండ్రి. ఇది ఏ కంపెనీ టీకా? ఎన్ని రకాలను ఆపుతది? నా వయసుకు ఎన్ని డోసులు? మొత్తం ఎంతయితది? ఏమన్న అయితే ఎవ్వలకు ఫోన్ జెయ్యాలె? కార్డు మీద తారీఖు, బ్యాచ్ నంబర్ రాసియ్యమనండ్రి, ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండ్రి. జవాబు చెప్పకుంటే లేసి రాండ్రి. చెప్పేటోళ్లు ఇంకో కాడ ఉంటరు.

మొన్న మా పెద్దమ్మ బిడ్డకు ఇదంత చెప్పిన. "గిదా అది!" అన్నది. ఇన్నేండ్లకు తెల్సింది ఆమెకు. మా అమ్మేమో పరీక్షకు ఇంకా ఒప్పుకోలే. "ఆ మందు అద్దితే మంట లేస్తదా? లేడీ డాక్టరే చేస్తదా? ముందుగాల అవి కనుక్కొని చెప్పు, తర్వాత చూద్దం" అంటున్నది.

రేపు పోయి కనుక్కొనొస్త.